తీపి నీళ్లు

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన వారానికే అబూ హలీఫాలోని ఆ ఇంటివాళ్లు సౌదీకి బయల్దేరారు. కార్లో పనిమనిషి గంగులమ్మకు చోటు లేదు. ఇల్లు జాగ్రత్త, నీళ్లు జాగ్రత్త అని చేతులు తిప్పి చెప్పి మామా, అంటే ఇంటి యజమానురాలు, వెళ్లిపోయింది. గంగులమ్మది విశ్వాసమని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకే నవ్వొచ్చేది. పాస్‌పోర్టు మామా చేతిసంచిలో ఉంది, అంతే.

మిద్దె మీద రెండు తొట్లు. ఒకదాంట్లో గిన్నెలకూ మొక్కలకూ ఉప్పునీళ్లు. రెండోదాంట్లో సముద్రాన్ని మరగబెట్టి తీసిన మంచినీళ్లు, అంచుదాకా. ఆ వీధికి మంచినీళ్ల లైను ఆగిపోయింది. రాయచోటి పక్క పల్లెలో బిందెడు నీళ్లకు జుట్లు పట్టుకున్న మనిషి ఆమె. రోజూ మూత తీసి చూసుకునేది. పలకరించడానికి ఇంట్లో ఇంకేముంది?

ఒకరోజు పక్కింటి డ్రైవరు పెంచల్ గోడ మీంచి పిలిచాడు. "అక్కా, రేపు పొద్దున్నే బస్సుండాది. జోర్డాన్ దాకా పోతే ఆడ్నించి విమానమంట. పాస్‌పోర్టు లేకున్నా కాగితం రాసిస్తారంట. మూట కట్టుకో."

"నిండు తొట్టి ఇడ్సిపెట్టి యాడికొస్తా అబ్బీ?"

"అయితే తొట్టిని గూడా సంకనేసుకో! అవేమన్నా మీ నాయన తవ్విచ్చిన బాయి నీళ్లా?"

"పో పో, నీకేం తెలుసు."

ఆ మధ్యాహ్నమే ఒక నడివయసు ఇరాకీ సైనికుడు గేటు తట్టాడు. పెదాలు పగిలి ఉన్నాయి. "మాయ్ హిలూ?" అన్నాడు. మాయ్ అంటే నీళ్లు. హిలూ అంటే తీపి. టీ కుదిరితే మామా అనే మాట. పాపం, నోరు తెరిచి అడిగాడు కదా అని మంచినీళ్లలో చక్కెర దండిగా కలిపి ఇచ్చింది. అతను ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, పగలబడి నవ్వాడు. అక్కడ తీపి నీళ్లంటే ఉప్పు లేని నీళ్లు, మన మంచినీళ్లే. కుళాయిలో వచ్చే ఉప్పునీళ్లు ఇచ్చుంటే ఉమ్మేసి పోయేవాడు. నవ్వు ఆగాక అతని చూపు మెల్లగా మిద్దెక్కింది.

మర్నాడు తెల్లారేసరికి సైన్యం లారీ వచ్చింది. గొట్టం వేసి తొట్టి అడుగుదాకా లాగేశారు. నిన్నటి మనిషి ఆమె వైపు చూడనే లేదు.

ఇక కాపలా దేనికి? రెండు చీరలు చేతికి చుట్టుకుని పక్కింటికి పరుగెత్తింది. గేటుకు తాళం. రోడ్డు మీద బస్సు లేపిన దుమ్ము కూడా మిగల్లేదు. ఆ వీధిలో తెలుగు మాట వినేవాళ్లు ఇంకెవరూ లేరు.

"అబ్బీ, నేనొస్తాండా," అంది తాళంతో.