నలభయ్యో నిమిషం

కర్నూల్లోని ఆ కాలేజీలో దేవేంద్రప్ప సారును ఎవరు ఏమని పలకరించినా ఆయన అడిగేది ఒక్కటే: “ఎన్నో నిమిషం?” మెడలో తాడుకు కట్టిన టైమరు పది నిమిషాలకోసారి కీచుమనేది. వెంటనే చేస్తున్న పని వదిలేసి చీటీ మీద ఏదో రాసుకునేవారు.

ఒకసారి కల్లూరు నుంచి షేరాటోలో వస్తూ, “నాలుగో నిమిషానికి ఈడికి రావల్ల, ఆరైందేమప్పా?” అని డ్రైవరును నిలదీశారు. అతను చేతులు జోడించి, “దిగి నడిచిపో సార్, టైముకు పోతావు” అన్నాడు. బంధువుల పెళ్లిలో, “ముహూర్తం ఎన్ని సెకన్లు అటూ ఇటూ అయితే పనికొస్తాది స్వామీ?” అని పురోహితుణ్ణి అడిగితే, తాళి పట్టుకున్న పెళ్లికొడుకు కూడా జవాబు కోసం ఆగిపోయాడు.

ఈ పిచ్చికంతా కారణం బన్ను పొంగడానికి వేసే ఈస్టు.

“ఈస్టు కణం రెండు కావల్లంటే ముందు డీఎన్ఏకు నకలు తీయల్ల,” అని ఆయన తన దగ్గర పరిశోధన చేస్తున్న శివజ్యోతికి చెప్పేవారు. “దాంట్లో నకలు మొదలుపెట్టే చోట్లు వందలుండాయి. మొదలుపెట్టించే ప్రోటీన్లు మాత్రం కొన్నే. అవి ముందు కొన్ని చోట్లకు అందుతాయి, ఆడ పని అయినాక వెనకున్న చోట్లకు పోతాయి. ఏ చోటు ఎన్నో నిమిషంలో మొదలైతాదో కనుక్కునేదే మన పని.”

అందుకని శివజ్యోతి కణాలన్నిటినీ ఒకే దశలో ఆపి, ఒక్కసారిగా వదిలి, పది నిమిషాలకోసారి ఫ్లాస్కులోంచి శాంపిల్ తీయాలి.

ఆ రోజు ముప్పయ్యో నిమిషం శాంపిల్ తీసి, టీ తాగివద్దామని క్యాంటీన్‌కు వెళ్లింది. “సారు మాదిరి చేసి చూపీవే!” అంది స్నేహితురాలు ప్రేమజ్యోతి. శివజ్యోతి మెడలోని ఐడీ కార్డును టైమరులా ఎత్తి పట్టుకుని, బజ్జీల బాణలి ముందు నిలబడి, “ఏమప్పా, ఈ మిరపకాయ ఎన్నో నిమిషం?” అంది. క్యాంటీనంతా పగలబడి నవ్వింది. మళ్లీ చేయమన్నారు. చేసింది.

ల్యాబుకు పరుగెత్తేసరికి యాభై రెండో నిమిషం. ఫ్లాస్కులోంచి ఒకేసారి రెండు గొట్టాలు నింపి, ఒకదాని మీద నలభై, రెండోదాని మీద యాభై అని రాసేసింది.

గ్రాఫు చూసి సారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఏమమ్మా, నలభైకీ యాభైకీ నడుమ కణాలన్నీ పని మానేసినట్లుండాదే! యాడికి పోయినాయి?”

“తెలీదు సార్.”

మర్నాడు అడిగారు: “ఆ నలభై, ఎన్నో నిమిషం?”

“నలభయ్యే సార్.”

“సరే,” అన్నారాయన. చీటీ మీద మాత్రం ఏమీ రాసుకోలేదు. అది చూసి ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“చెప్పెయ్ రాదా?” అంది ప్రేమజ్యోతి.

“ఏమని చెప్పల్ల? మిమ్మల్ని వెక్కిరిస్తా మర్చిపోయినానని చెప్పల్లనా?”

సారు రోజూ అడిగారు. ఆమె రోజూ అబద్ధమే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అన్నం సయించేది కాదు. చివరికి ఆ గ్రాఫుతోనే కడపలో సదస్సులో మాట్లాడాల్సిన రోజు వచ్చింది. సారుతో కలిసి ఎక్కిన బస్సు ఆళ్లగడ్డ దాటాక ఇక ఉండబట్టలేకపోయింది.

“సార్, ఆ నలభై... యాభై రెండు సార్. రెండు గొట్టాలూ ఒక్కసారే నింపినా.”

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“నలభయ్యో నిమిషానికి నేనూ క్యాంటీన్లోనే ఉండా. స్తంభం వెనక బన్ను తింటాండా.”

బస్సు కిటికీలోంచి దూకేద్దామనిపించింది శివజ్యోతికి. ముఖం చున్నీలో దాచుకుంది.

“బాగా చేసినావు గానీ, నేను టైమరు పట్టుకునేది ఎడమచేత్తో,” అన్నారాయన తాపీగా.

“మరి నన్ను పిలవలేదేం సార్?”

“పిలుద్దామనే లేసినా. రెండేండ్లలో నువ్వు అంతగా నవ్వింది నేను సూడలే. మళ్ల కూచుంటి. ఈ టైమరు అరుస్తాదేమోనని గుప్పిట్లో నొక్కిపెట్టుకుంటి.”

పెళ్లిలో తాళినే ఆపిన మనిషి!

“మరి రోజూ అడిగితిరి గదా?”

“ఏదో ఒక నిమిషంలో నీకే చెప్పాలనిపిస్తాదేమోనని. చెప్పకపోయింటే ఈపొద్దు నిన్ను స్టేజీ ఎక్కనిచ్చేవాణ్ణి కాదు.” ల్యాప్‌టాప్ తీసి ఆమె ఒళ్లో పెట్టారు. “నలభై కాడ ఖాళీగా పెట్టు. యాభై కాడి చుక్కను యాభై రెండుకు జరుపు.”

బస్సు కుదుపుల్లో ఆమె తన చేత్తోనే ఆ చుక్క తీసేసింది.

సదస్సులో ముందు వరుసలోని పెద్దావిడ, ఎక్కడో ప్రొఫెసరు, వేలెత్తి అడిగింది: “నలభై దగ్గర ఖాళీగా ఉందేమ్మా?”

శివజ్యోతి సారు వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

“నేను క్యాంటీన్లో ఉండిపోయినా మేడమ్. అంతా మళ్లీ చేస్తాను.”

చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడా పెద్దావిడ కిసుక్కున నవ్వింది.

“నేనైతే మ్యాట్నీకి పోయానమ్మా. ఏడో నంబరు నుంచి అన్ని శాంపిళ్లూ పోయాయి. మా గైడుకు ఇప్పటికీ తెలీదు.”

వెనక వరుసలో ఎవరో, “నేను నిద్రపోయినా మేడమ్!” అని అరిచారు.