దేవుడి రాగంలో మా అన్న మాటలు

మా ఫెన్‌కాట్ ఊరి చుట్టుపక్కల పొలాలకు కంచె అల్లడంలో నన్ను మించినవాడు లేడు. జిల్లా పోటీల్లో వరసగా ఐదేళ్లు బహుమతి నాదే. బడికి వెళ్లింది రెండు చలికాలాలే అయినా బైబిలు సగం చూడకుండా అప్పజెప్పగలను. జైల్లో నేర్చుకున్నానని ఊళ్లో కొందరంటారు. వాళ్ల నోళ్లు పడిపోను! నేర్పింది మా నాన్న. నాకూ, మా అన్న జేబెజ్ రడ్కిన్‌కూ. ఇది అన్న గురించి.

అన్న గుర్రాలు తోలేవాడు. ఎంత పొగరుబోతు గుర్రమైనా అన్న ఈల వేస్తే తల దించేది. దొరగారి అడవిలో కుందేళ్లకు వల వేశామని మా ఇద్దర్నీ పట్టుకున్నారు. పెనుగులాటలో అన్న కాపలావాడి దవడ పగలగొట్టాడు. అందుకు అన్నకు ఏడేళ్లు సముద్రం అవతల శిక్ష, నాకు ఏడాది జైలు. ఓడ వచ్చేదాకా ఇద్దరమూ ఒకే జైల్లో ఉన్నాం.

అక్కడ ఒక్కొక్కడికి ఒక్కో గది. బయటికి తెస్తే మొహానికి కళ్ల దగ్గర మాత్రమే రంధ్రాలున్న ముసుగు. పక్కవాడితో మాట్లాడితే చీకటి కొట్టు. గదిలో ఒక బైబిలు, పీచు తియ్యడానికి పాత తాళ్లు. ఇలా ఉంచితే దొంగలు బాగుపడతారని జైలు పాదిరి క్రౌహర్స్ట్ చెప్పేవాడు. మనిషి మాట కోసం మొహం వాచినవాడు బైబిలు పట్టుకుంటే అది తన ఘనతేనని మురిసిపోయే మూర్ఖుడు.

ప్రార్థన మందిరంలోనూ ఒక్కొక్కడిదీ ఒక్కో చెక్క గూడు. అన్నది నా వెనకే. కానీ పాట దగ్గర నోరు తెరవనివ్వక తప్పదుగా! రాగం దేవుడిది, మాటలు మావి.

"తమ్ముడూ, దగ్గు తగ్గిందా?" అని అన్న ఆ వరసలోనే సాగదీసేవాడు.

"దగ్గు తగ్గిందన్నా, గంజిలో పురుగులే తగ్గలా!" అని నేనూ అందుకునేవాణ్ణి.

అన్న అంత గట్టిగా పాడటం చూసి పాదిరి పొంగిపోయాడు. జైలు చూడవచ్చిన మేజిస్ట్రేట్ల ముందు మా ఇద్దర్నీ ముసుగులు తీయించి నిలబెట్టాడు. అతను సిఫారసు చేస్తే అన్నకు ఓడ తప్పుతుంది. అన్న ఒక కీర్తన మొత్తం తడుముకోకుండా చెప్పాడు.

"శభాష్! ఇక్కడికి రాకముందు నీకు దేవుడి మాట తెలియదు కదూ? మీ నాన్న నిన్ను పశువులా పెంచాడని దొరలకు చెప్పు," అన్నాడు పాదిరి.

"ఈ కీర్తన నాన్నే నేర్పాడండి."

"జేబెజ్! ఓడ సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడు."

"ఊ అను అన్నా, నీకు పుణ్యముంటుంది," అని గొణిగాను.

"నువ్వూరుకోరా. మా నాన్న మట్టిలో ఉన్నాడండి. లేచొచ్చి కాదనలేడు. అందుకే నేను ఆ మాట అనను."

"అయితే ఓడెక్కు," అన్నాడు ఆ దేవుడి మనిషి.

ఆఖరి ఆదివారం వెనక గూట్లోంచి పాట వచ్చింది. "రేపే ఓడ, తమ్ముడూ. చలికాలానికి అమ్మకు కట్టెలు కొట్టిపెట్టు. ఏడవకుండా చూసుకో."

"అలాగేనన్నా" అని ఏడుస్తూనే పాడాను.

ఆ సాయంత్రమే పాదిరి నా గదికొచ్చాడు. "ఇవాళ నీ పాటలో పశ్చాత్తాపం వినిపించింది, ఆమోస్. నిన్నైనా దారిలో పెట్టాను."

"మా అన్నను ఓడెక్కించిన నోటితో నా పేరెత్తకండి," అన్నాను.

నన్ను చీకటి కొట్లో వేశారు. అన్నను తీసుకుపోయిన బండి చప్పుడు కూడా వినలేకపోయాను. అన్న మళ్లీ రాలేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ మా పొయ్యి ఆరనివ్వలేదు నేను. ఆ పాదిరిని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు, క్షమించను.