లాగుడు బండి సూర్యకుమారి

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకునే తెలుగు పిల్లల్లో సగం మంది ఫోన్లలో సూర్యకుమారి నంబరు ఉంటుంది. కొందరు 'టోయింగ్ అక్క' అని రాసుకున్నారు, కొందరు 'మంచు అక్క' అని. ఏటా చలికాలం మొదట్లోనే ఎవరో ఒకరు సెకండ్ హ్యాండ్ కారుకు వేసవి టైర్లు ఉంచుకుని పిజ్జా డెలివరీకి బయలుదేరతారు. మలుపులో కాలవలోకి దిగిపోతారు. అప్పుడు ఇంటికి ఫోన్ చేయరు, ఈమెకు చేస్తారు.

ఆమె వచ్చి ముందు కారును చూడదు, మనిషిని చూస్తుంది. "గ్లవ్స్ ఏవి నాన్నా? పో, నా బండెక్కి కూర్చో, హీటర్ వేసే ఉంది" అంటుంది. ఆ తర్వాతే కొక్కెం తీస్తుంది.

2014లో ఆమె కూడా ఇలాగే వచ్చింది, అమలాపురం నుంచి రెండేళ్ల డిప్లొమాకు. ఆగిపోయిన కార్లను లాగే జనార్ధనరావుగారి టోయింగ్ ఆఫీసులో పార్ట్‌టైమ్‌గా ఫోన్లు ఎత్తేది. ఒక జనవరిలో ఇద్దరు డ్రైవర్లకూ జ్వరం. బయట ఏడు కార్లు మంచులో ఎదురుచూస్తున్నాయి. గోడ మేకుకున్న తాళం తీసుకుని తనే వెళ్లింది. మూడు కార్లు క్షేమంగా లాగింది. నాలుగోదాని బంపరు ఊడింది. ఆ సంగతి ఇంకెవరో చెప్పేలోపే తనే వచ్చి ఆయనకు చెప్పింది. "బంపరు పోతే పోయిందిలే, నిజం చెప్పే డ్రైవరు దొరికింది" అన్నారాయన.

తర్వాత డిప్లొమా పూర్తయింది, అక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చింది, పెద్ద బండ్ల లైసెన్సు టెస్టు మొదటిసారే పాసయింది. ఏం చేస్తున్నావని అమ్మ అడిగితే లాజిస్టిక్స్ అని చెప్పేది. అది అబద్ధం కాదు.

2019 మార్చిలో యార్డులోకి కొత్త బండి వచ్చింది. కార్లను కాదు, ఏకంగా లారీలనే లాగే బండి. ఎర్రగా, ఇల్లంత ఎత్తుగా ఉంది. దాని స్టీరింగ్ మల్లికార్జున్‌కే అని అందరూ అనుకున్నారు. అతను డ్రైవర్లలో సీనియర్. పైగా మగవాడు. ఈ రెండో మాట ఎవరూ పైకి అనలేదు.

సూర్యకుమారికి ఆ బండి కావాలి. రోజూ పొద్దున దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తట్టి, తన పాత బండెక్కేది.

పూజ శుక్రవారం అనుకున్నారు. పూజ కాకుండా తీయకూడదని జనార్ధనరావుగారి పట్టు. కానీ బుధవారం పొద్దున్నే ఈదురుగాలికి 401 హైవే పక్కన ఒక పెద్ద ట్రక్కు పల్లంలోకి జారిపోయింది. పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. ఆయన దేవుడికి ఒక దండం పెట్టి తాళం మల్లికార్జున్ చేతికిచ్చారు. దారి చూపడానికి సూర్యకుమారి పక్కన ఎక్కింది.

ట్రక్కు నిండా అమెరికాలోని యూమా నుంచి వస్తున్న లెట్యూస్, సలాడ్‌లో వేసే ఆకులు. ఇంజిన్ ఆగింది, ట్రైలర్ హీటరూ ఆగింది. గంటన్నర దాటితే సరుకంతా గడ్డకట్టిపోతుంది. మల్లికార్జున్ రెండుసార్లు నేరుగా లాగాడు. ట్రక్కు కదలలేదు, వీళ్ల బండి చక్రాలే జారాయి.

"మల్లన్నా, నేరుగా వద్దు. కప్పీ వేసి పక్కనుంచి లాగుదాం. ఒక్కసారి నన్ను ఎక్కనివ్వు."

"ఎక్కు తల్లీ. ఇరుక్కుపోతే ఇద్దర్నీ లాగనీకి ఇంకో బండి పిలుద్దాం" అంటూ అతను దిగాడు.

ఆమె వెనక ఇరుసుకు గొలుసు కట్టించింది. ఇనుప తాడును కప్పీ మీదుగా తిప్పి, అందరినీ దూరంగా పంపి, తాడు చుట్టుకునే వించ్‌ను అంగుళం అంగుళంగా తిప్పింది. తాడు బిగిసింది. ఆపింది. మళ్లీ తిప్పింది. నలభై నిమిషాలకు ట్రక్కు మంచులోంచి లేచి రోడ్డు మీద నిలబడింది. ఆకులు పచ్చగానే ఉన్నాయి.

పోలీసు కాగితాలు రాస్తున్నంతసేపూ ట్రక్కు డ్రైవరు ఆమె పక్కన సీట్లో కూర్చుని కాఫీ తాగాడు. పేరు హాస్కీ. అరిజోనాలోని నవాహో అనే ఆదివాసి తెగ మనిషి. యాభై దాటినవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు.

"అమెరికా నేవీ ఈమధ్యే ఒక కొత్త ఓడకు మా పేరు పెట్టింది, తెలుసా? అదీ నీ బండి లాంటిదే. పాడైన ఓడల్ని లాగుతుంది, మునిగినవాటి దగ్గరికి వెళుతుంది."

"ఎవరి పేరు? మీ రాజు పేరా?"

"రాజులెవరూ లేరు. మా అందరి పేరూ. నవాహో. అలాంటి ఓడలు ఇంకా కడతారట, వాటికీ మా లాంటి జనాల పేర్లేనట."

"మీవాళ్లు సంతోషించి ఉంటారు."

"మా పెద్దమ్మ ఏడ్చింది. మా బావమరిది నవ్వాడు, మా భూమి తీసుకుని ఓడ మీద మా పేరు రాశారని." హాస్కీ కప్పు మూత సర్దుకున్నాడు. "నాకైతే గర్వంగానే ఉంది. కాకపోతే ఒకటి చూడాలి. ఆ ఓడ నడిపేవాళ్లలో మావాళ్లు ఎంతమంది ఉంటారో."

తిరుగుదారిలో మల్లికార్జున్ ఏవో జోకులు వేస్తున్నాడు. సూర్యకుమారి నవ్వుతూనే ఉంది, ఆలోచన మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఉంది.

శుక్రవారం పొద్దున యార్డులో పూజ జరిగింది. బండికి పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. అక్షరాలు రాసే పెయింటరు నిచ్చెన పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. జనార్ధనరావుగారు కొబ్బరికాయ కొట్టి గొంతు సవరించుకున్నారు.

"మొన్న మన పరువు నిలబెట్టింది ఈ అమ్మాయి. అందుకే ఈ బండి డోర్ మీద సూర్యకుమారి అని రాయిస్తున్నా. బంగారు రంగులో."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన జేబులోంచి తాళం తీసి మల్లికార్జున్ వైపు తిరిగారు. "జాగ్రత్తగా నడుపు."

కోనసీమ రోడ్ల మీద లారీలు గుర్తొచ్చాయి సూర్యకుమారికి. ముందు అద్దం మీద ఏదో ఒక ఆడపిల్ల పేరు, పక్కనే పువ్వులు. లోపల ఎప్పుడూ మగవాడే. ప్రేమగానే రాస్తారు. ఆయనా ప్రేమగానే అన్నారు.

"అంకుల్, పేరు వద్దండి. తాళం ఇవ్వండి."

చప్పట్లు ఆగాయి.

"అదేంటమ్మా, గౌరవంగా ఉంటుందనేగా? ఇంత పెద్ద బండి, రోడ్లు చూస్తే అలా ఉన్నాయి..."

"మొన్న అదే రోడ్డు, అదే బండి. లాగింది నేను. లైసెన్సు ఉంది, పోలీసులకు నా పేరు తెలుసు. డోర్ బయట నా పేరుండి లోపల నేను లేకపోతే, జనం అడుగుతారు అంకుల్, ఈ సూర్యకుమారి ఎవరండీ అని. మీ అమ్మాయా, మీ అమ్మగారా అని."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆయన మల్లికార్జున్ వంక చూశారు, కాదనడానికి సాయం దొరుకుతుందేమోనని.

"నన్నేం చూస్తరు సార్?" అన్నాడు మల్లికార్జున్. "నాకు ఈ బండి దీని హీటర్ కోసమే కావాలె. పాతదాంట్ల హీటర్ బాగు చేయించుర్రి, నేను దాంట్లనే ఉంట."

"అంటే నేనొక్కణ్ణే అడ్డమా?"

"మీరు అడ్డం కాదు అంకుల్. పెద్దవారు కాబట్టి మీ చేతుల మీదుగా తీసుకుంటానంటున్నా" అంది సూర్యకుమారి. చెయ్యి చాపి ఉంచింది, వెనక్కి తీసుకోలేదు.

జనార్ధనరావుగారు తాళాన్ని ఒకసారి బరువు చూసినట్టు ఊపి ఆమె చేతిలో పెట్టారు. తర్వాత నిచ్చెన ఎక్కి కూర్చున్న పెయింటర్ని చూసి నీరసంగా అడిగారు. "మరి డోర్ మీద ఏం రాయించమంటావ్?"

"ఫోన్ నంబరు రాయించండి. మంచులో కూడా కనబడేంత పెద్దగా."

అని చెప్పి ఆమె మెట్టు పట్టుకుని ఎక్కింది, సీటు తన ఎత్తుకు జరుపుకుంది.