కుంటి కోడి నడక

నా చిన్నప్పుడు నేను గీసిన కోడిని మా మామ తనదని చెప్పుకున్నాడు. ఊరికే చెప్పుకోవడం కాదు, ఊరంతా నమ్మేటట్లు చేసుకున్నాడు. దీన్ని దొంగతనం అంటే మా ఇంట్లో ఇప్పటికీ కొందరికి నచ్చదు. పిల్లోడి గీతలకు ఇంత రాద్ధాంతమా అంటారు. నాకు ఐదో తరగతి తరువాత బడి లేదు. అంగడి పొట్లాల కాగితాలు విప్పి, మడతలు సాపు చేసి చదువుకుంటూ కూడబెట్టుకున్న మాటలే నావి. ఆ కాసిని మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటే ఉంది. అది దొంగతనమే.

మాది ధర్మవరం పక్కన ఒక పల్లె. వానను నమ్మినవాళ్ళు వేరుశనగ వేసేవాళ్ళు, నమ్మనివాళ్ళు మగ్గం గుంతలో కూర్చునేవాళ్ళు. మేము నమ్మనివాళ్ళం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆ చీరల అంచులకూ కొంగులకూ రకాలు, అంటే నేతకు నమూనా బొమ్మలు, గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఏ గడి నింపాలో, ఏది వదలాలో ఆయన కంటికి ముందే తెలిసేది. గడి నింపేటప్పుడు ఊపిరి బిగబట్టాలని నాకు నేర్పింది ఆయనే. పెన్సిలు బొటనవేలంత అయ్యేసరికి దాన్ని నా జేబులో వేసేవాడు. అట్లాంటి పెన్సిలు ముక్కలు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉండేవి. మా నాయన చెప్పిన మాటకన్నా మామ చెప్పిన మాటే నాకు ఎక్కువ. ఇది గుర్తుపెట్టుకుంటేనే తరువాతది అర్థమవుతుంది.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆయన పూర్తి గళ్ళ కాగితం ఒకటి నా చేతికిచ్చి హంసను గీయమన్నాడు. నేను హంసను చూడలేదు. మా చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు ఉంటే కదా హంసలు! నేను రోజూ చూసే పక్షి పక్కింటి అక్క కోడి ఒక్కటే. ఎద్దులబండి చక్రం కింద పడి దాని కాలొకటి వంకర తిరిగింది. ఒక అడుగు వేసేది, ఆగేది, మెడ ముందుకు చాచేది, ఆ ఊపుతో రెండో కాలిని ఈడ్చుకునేది. ఆ మెడ ఊపు నాకు ఎంతో ఇష్టం. నెల రోజులు కూర్చుని, గడి తరువాత గడి నింపి, దాన్నే గీశాను.

మామ కాగితం చూసి నవ్వాడు.

“ఏమప్పా ఇది? హంసను గీయమంటే ఆసుపత్రికి పోయే కోడిని గీసినావు! ఒక కాలు నేల మీద ఉండాది, ఇంగోటి గాల్లో ఉండాది. దీన్ని మగ్గం ఒప్పుకోదురా.”

అని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అంత మంచి కాగితం పాడుచేశానే అని నేనే బాధపడ్డాను.

ఆ ఏడు ఉగాది పోయిన తరువాత మా నాయన మగ్గానికి కొత్త రకం కట్టారు. నేను దూరపు బావి నుంచి నీళ్ళ బిందెతో ఇంట్లోకి వచ్చేసరికి, మా నాయన చేతుల కింద, కుంకుమరంగు అంచులో, జరీ కోళ్ళు వరసగా నడుస్తున్నాయి. అన్నీ మెడ చాచి, ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. ముందు నాకు సంతోషమే కలిగింది. ఆ మాట దాస్తే నేనూ అబద్ధాలవాణ్ణే అవుతాను. మామ నాకు చెప్పకుండా ఈ సంబరం దాచిపెట్టాడనుకున్నాను.

“మీ మామ కొత్త రకం గీసినాడు, సూడు” అన్నాడు మా నాయన.

“అది నేను గీసింది నాయనా.”

ఆయన చేతిలో అడ్డపోగు నడిపే నాడె ఆగలేదు. “ఎవురు గీస్తే ఏమిరా? కూడు పెడతాంది గదా. గమ్మునుండు.”

సాయంత్రం మామ మా అరుగు మీద కూర్చున్నాడు. చుట్టూ నేతగాళ్ళు. ఆ నడక యాడ పట్టినావు మామా అని ఒకరు, నీ చేతిలో ఏదో ఉండాదప్పా అని ఒకరు ఆయన్ను పొగుడుతున్నారు. నేను పోయి ఎదురుగా నిలబడి, ఆ కోడి నాది అన్నాను. మామ కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కోప్పడలేదు.

“ఏమప్పా, కాగితం నాది, పెన్సిలు నాది, నీకు నేర్పిచ్చింది నేను. ఇంగ కోడి ఎవురిది?”

అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. మామ నవ్వుతూనే నా తల నిమిరాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నా తల మీదే ఉంది.

ఆ రోజుతో నా చేతికి కరువు వచ్చింది. బొగ్గు తీసుకుని గోడ దగ్గరికి పోయేవాణ్ణి, మొదటి గీత పడకముందే, దీన్ని ఎవరు ఎత్తుకుపోతారో అనిపించేది. చెయ్యి ఆగిపోయేది. పెన్సిలు ముక్కల డబ్బా కొట్టంలో పడేశాను. మా అమ్మ వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టి కలపమంటే, వంకర టింకరగా కలిపి వచ్చేవాణ్ణి. ఎండాకాలం పోయింది, రావలసిన వాన రాలేదు, నా చెయ్యీ కదలలేదు.

పక్కింటి అక్క ఇదంతా చూస్తూ ఉంది. ఆమె మా అమ్మకన్నా కొంచెం చిన్నది, ఒంటరి మనిషి. మామ గీసిన కాగితాలు చూసి అట్టలకు చిల్లులు కొట్టడం ఆమె పని. కాగితం మీద ఒక వరుసకు ఒక అట్ట, నిండిన గడికి ఒక చిల్లు. ఆ అట్టలన్నీ దారంతో కుట్టి మగ్గం పైన తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు అణగాలో అవే చెబుతాయి. పొద్దున నుంచి ఆమె ఇంట్లో సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

ఆమె నన్ను గీయమని ఒక్కనాడూ అడగలేదు. ఒకరోజు గోడ మీది నుంచి పిలిచి, “ఒరే, తప్పు కొట్టిన అట్టలు ఉండాయి, నా కోడిపిల్లలకు రొంత నీడ కట్టియ్యి రా” అంది. పోయి నాలుగు అట్టలు మడిచి, దారంతో బిగించి గూడు లాంటిది కట్టాను. మధ్యాహ్నానికి పిల్లలు దాన్ని తొక్కి పీకి పారేశాయి. ఆమె చప్పట్లు కొట్టి నవ్వింది. మర్నాడు పాత పేపరుతో పడవ చేయించింది. మా ఊళ్ళో కాగితం పడవకు నీళ్ళతో పనిలేదు. అందులో ఉడకబెట్టిన శనక్కాయలు పోసుకుని తిన్నాం, అడుగు తడిసి చిరిగింది. ఇంకో రోజు విసనకర్ర. ఆషాఢం గాలి మొదలయ్యాక జొన్న దంటుకు తుమ్మముల్లుతో గుచ్చిన కాగితపు గిరగిర. ఏది చేసినా చిన్నదే, పూట పనే. పొద్దు వాలేసరికి మిగిలినదాన్ని ఆమె తీసుకుపోయి పొయ్యిలో పెట్టేది.

గిరగిర చాలా బాగా వచ్చింది. దాన్ని పొయ్యిలో పెడుతుంటే నేను ఒప్పుకోలేదు.

“బాగుండాది గదక్కా, ఉండనీ.”

“వద్దు. మిగిలితేనే గదరా దొంగలు పడేది. కాలిపోయేదానికి ఎవురొస్తారు?”

ఆమె నవ్వుతూనే అన్నది గానీ నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. సాయంత్రానికి బూడిద అయ్యేదాన్ని చేస్తున్నానని తెలిశాక నా చెయ్యి భయం మరిచిపోయింది. దాన్ని మెచ్చుకునేవాళ్ళు లేరు, ఎత్తుకుపోయేవాళ్ళు లేరు, బాగా రావాలన్న బరువు లేదు. చిన్నపిల్లాడు మట్టిలో ఆడినట్లు నా వేళ్ళు ఆడుతూ పోయాయి. ఒకనాడు ఏదో మాట్లాడుతూ తప్పు అట్ట ఒకదాన్ని కత్తెరతో కత్తిరిస్తూ ఉన్నాను. ఏం కత్తిరిస్తున్నానో కూడా చూసుకోలేదు. చూసుకునేసరికి నా చేతిలో కోడి ఉంది. మెడ చాచి, ఒక కాలు ఈడ్చుకుంటూ ఉంది.

నా కళ్ళు నిండాయి. నాది నాకు తిరిగి దొరికింది. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని మురిపెంగా చూసింది. ఆ మురిపెంలోనే ఆమె నోరు జారింది.

“ఇది నా కోడే గదరా! అట్టలు కొట్టేటప్పుడే అనుకుంటి, ఈ కుంటి కాలు నీ చేతిదేనని.”

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. మగ్గం మీదికి ఎక్కిన ఆ అట్టలు కొట్టింది ఆమే. ఒక్కో చిల్లు, ఒక్కో గడి. నేను అరుగు ముందు నిలబడి ఆ కోడి నాది అన్న రోజు ఆమె తన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఊళ్ళో ఒక్క మనిషికి నిజం తెలిసి ఉండి, ఆ ఒక్క మనిషీ నోరు మెదపలేదు.

“తెలిసీ ఏల చెప్పలేదక్కా?”

ఆమె పక్కనున్న సుత్తిని చేతిలోకి తీసుకుంది. “నా నోరు పని చేసుంటే నా చేతులకు పని ఉండేది కాదు నాయనా” అంది.

నేను కోడిని ఆమె చేతిలోంచి లాక్కుని ఇంటికి వచ్చేశాను. ఎన్నో నెలలు ఆ గోడ దాటలేదు. ఆమె నాకు చేసింది మేలా, చేసిన తప్పుకు కట్టుకున్న పరిహారమా అని అప్పుడు తెగ కొట్టుకున్నాను. ఇప్పటికీ తేలలేదు. రెండూ అయి ఉండొచ్చు. మనుషులు మనకు మందు ఇచ్చే చేతినీ, గాయం చూసి ముడుచుకున్న చేతినీ వేరుగా పెట్టుకోరు, రెండూ ఒక్క చెయ్యే అవుతుంది. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఎంత కోపంతో వచ్చినా ఆ సాయంత్రం నా చెయ్యి ఆగలేదు. కొట్టంలోకి పోయి పెన్సిలు డబ్బా వెతుక్కున్నాను.

ఆ తరువాత నేనూ రకాలు గీసే పనిలోకే వచ్చాను. చెయ్యి మొరాయించిన రోజున ఈనాటికీ గళ్ళ కాగితం జోలికి పోను. పాత పేపరు తీసుకుని ఒక పడవో గిరగిరో చేస్తాను. ఇప్పుడు ఇంట్లో పొయ్యి లేదు, గ్యాసే. అందుకని సాయంత్రం చింపి పారేస్తాను. మా ఇంట్లోవాళ్ళు ముసలితనం అనుకుంటారు.

మామను మాత్రం నేను వదల్లేదు. పెళ్ళిలో కనబడినా, చావులో కనబడినా, “మామా, కోడి ఎవురిది?” అని అడిగేవాణ్ణి. మొదట్లో నవ్వేవాడు. కొన్నేళ్ళకు, “ఇంగా మర్చిపోల్యా నువ్వు?” అని కసురుకునేవాడు. ఆ తరువాత నన్ను చూస్తే లేచి పక్కకు పోయేవాడు.

నాకు ఇరవై దాటిన తరువాత, గడులు చూసి చూసి ఆయన కళ్ళు రెండూ పోయాయి. ఒక మధ్యాహ్నం చూడబోయాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నేను ఏమీ అడగలేదు. పొద్దున అట్టతో కత్తిరించిన కోడిని ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన వేళ్ళు జుట్టు మీద నుంచి మెడకు, మెడ మీద నుంచి వీపుకు, వీపు మీద నుంచి కిందికి దిగాయి. ఈడ్చుకునే కాలు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. పక్కింట్లో మగ్గం ఆడుతూ ఉంది. ఆయన ఆ కాలిని వదలకుండానే నా వైపు ముఖం తిప్పాడు.

“నాలుగు తూర్లు సరిచేస్తిని రా దీని కాలు. సరిచేసిన ప్రతి తూరీ నిలబడిపోయె. దీన్ని నడిపిచ్చేది నాకు చేతగాలేదప్పా.”