ఎత్తిపోతలకు రిహార్సలు

త్రికోటేశ్వరరావుగారు రిహార్సలు వెయ్యకుండా ఏ పనీ చేసేవారు కాదు. ఈ ముక్క చెబితే మాచర్లలో ఆయన్ను ఎరిగిన వాళ్లంతా నవ్వుతారు. నాకు మాత్రం భుజాలు లాగుతాయి. ఆయన వేయించిన రిహార్సళ్లన్నిటిలోకీ పెద్దది నా భుజాల మీదే జరిగింది.

వయసులో ఉండగా ఆయన నాటకాల్లో ద్వారపాలకుడి వేషం కట్టేవారట. చెప్పవలసింది ఒక్క మాట. దానికోసం నెలల తరబడి రిహార్సళ్లకు వెళ్లేవారట. నాటకాలు పోయాయి గాని జబ్బు మిగిలింది. గుంటూరు రైలెక్కాలంటే ముందురోజు వసారాలో బల్ల వేసి, ఇంటిల్లిపాదినీ మూటలతో సహా కూర్చోబెట్టి, "నడికుడి వచ్చింది, మజ్జిగ తియ్యండి" అని కేకలేసేవారు. పెద్దమ్మాయిని కాపురానికి పంపేటప్పుడు అప్పగింతలకు కూడా రిహార్సలు పెట్టారు. అందరూ ఆ రోజే కడుపారా ఏడ్చేశారు. తీరా మర్నాడు వియ్యాలవారి ముందు ఒక్కరి కంటా చుక్క రాలలేదు. వాళ్లు దాన్ని ఏళ్ల తరబడి ఎత్తిపొడిచారు.

"ఈ మడిసితో కాపరానికి కూడా రిహార్సలు పెట్టుంటే, నేనప్పుడే పుట్టింటికి పోయుండేదాన్ని" అనేది ఆయన భార్య పార్వతమ్మ పిన్ని.

నేను అక్కడ బోర్డు స్కూలు మేష్టర్ని. వాళ్లింట్లోనే ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. మాది రేపల్లె వైపు. మా ఊళ్లో ఎత్తయినదేదైనా ఉందంటే అది గడ్డివామే. అందుకని మాచర్లలో రైలు దిగిన రోజు నుంచీ ఆ కొండలూ అడవీ నన్ను పిలుస్తూనే ఉన్నాయి. బండిబాటన కాకుండా, కొండల మీది కాలిబాటన మెల్లగా నడుచుకుంటూ పోయి ఎత్తిపోతల జలపాతం చూడాలని నా కోరిక. దారి తెలియకుండా ఒంటరిగా వెళితే ఎలుగుబంట్లు తోడొస్తాయని అందరూ భయపెట్టారు. ఇంతలో వేసవి సెలవులు కాగానే చిలకలూరిపేటకు బదిలీ తప్పదని కబురొచ్చింది. యుద్ధం రోజులు, బొగ్గుతో నడిచే బస్సులు. ఒకసారి వెళ్లానంటే మళ్లీ ఇటు రావడం కల్ల. ఈలోపల చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు.

శివరాత్రి ముందు ఒక సాయంత్రం ఈ సంగతి రావుగారికి చెప్పాను.

"దానికేముంది మాస్టారూ, పోదాం. ఆ దారి నాకు కొట్టినపిండి. కాకపోతే..."

"కాకపోతే?"

"రిహార్సలు పడాల."

లోపల్నుంచి పిన్ని "అయ్యో నాయనా!" అంది. ఆ మాటలోని జాలి అప్పుడు నాకు అర్థం కాలేదు.

మర్నాడు తెల్లవారగానే జట్కా తోలే రసూల్ నన్ను లేపాడు. అతన్నీ జట్టులో చేర్చారట. అతని చేతిలో రెండు కావళ్లు, నాలుగు కుండలు ఉన్నాయి. రావుగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

"అడవిలో నీళ్లు దొరకవు మాస్టారూ, మోసుకుపోవాల. నీళ్లంత మాయదారి బరువు ఇంకోటి లేదు. కదులుద్ది, తొణుకుద్ది, మడిసిని పక్కకి లాగుద్ది. నీళ్లు మోసినోడు ఏదైనా మోస్తాడు."

"మరి మీకు కావడి?"

"నేను దారి చూపేవాణ్ణి గదా!"

చంద్రవంక వాగు అప్పటికే ఇసక తేలింది. చెలమలు తవ్వి, కొబ్బరిచిప్పతో తోడి కుండలు నింపాం. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు మమ్మల్ని చూసి పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మాస్టారికి పెళ్లి కాలేదు గదా, పెళ్లామొచ్చినాక చెయ్యాల్సిన పనులు ముందే నేర్చుకుంటన్నాడు" అంది ఒకావిడ. అక్కణ్ణుంచి ఊరి చివర రాతిగట్టు పైదాకా నడక. అదే మా కొండ అన్నమాట. పైకి చేరి వెనక్కి తిరిగి చూశాను. కింద రసూల్ గుర్రం ఖాళీగా నీడన నిలబడి మమ్మల్నే చూస్తోంది.

గట్టు మీద ఒకటే ఇల్లు. కొద్దిరోజుల కిందట చనిపోయిన కళాయి పనివాడు నూర్ మొహమ్మద్‌ది. ఇప్పుడక్కడ ఉన్నది అతని తల్లి హజ్రా బీ, పరదా దాటి రాని భార్య జాన్‌బీ. ఆ ముసలమ్మ ఎవరి సాయమూ తీసుకోదు. ఇరుగుపొరుగు పంపిన జొన్నలు కూడా, "ఇయ్యాళ గింజలు పుచ్చుకుంటే రేపు జాలి తెస్తారు" అని తిప్పి పంపిందట.

రావుగారు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పెద్దమ్మా, అడవికి పోదామని బరువులు మోయటం నేర్చుకుంటన్నాం. ఈ నీళ్లు మళ్లీ కిందకి మోస్తే మాస్టారు చచ్చిపోతాడు. కరువు రోజుల్లో నేల పాలు చెయ్యటానికి మనసొప్పదు. మీ తొట్టిలో పోసుకోనిస్తారా?"

హజ్రా బీ నా వంక ఎగాదిగా చూసింది. చెమటలు కక్కుతూ, మొహం మాడ్చుకుని నిలబడ్డాను.

"ఏందయ్యా, మా తొట్టి ధర్మసత్రమా? సర్లే, పోసి పొండి. పిచ్చోళ్లకి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎట్టా."

అలా మొదలైంది. వారం గడిచింది. "ఇంకా ఎన్నాళ్లండీ?" అంటే, "తొణుకుతున్నయి మాస్టారూ" అనేవారు. తొణక్కుండా మోశాను. "అడుగులు కలవటం లా" అన్నారు. కలిపాం. "మొహంలో ఉత్సాహం లేదు" అన్నారు. అది మాత్రం నా వల్ల కాలేదు. ఎండలు ముదిరాయి. సెలవులకు ఊరికి కూడా వెళ్లకుండా మోశాను. తరగతిలో నుదురు తుడుచుకుంటూ నిద్రపోయిన మేష్టర్ని నేనొక్కణ్ణే అయుంటాను. భుజం మీద కాయ కాచింది. పైపెచ్చు హజ్రా బీ పెత్తనం.

"నిన్న నీళ్లలో ఇసక ఉందబ్బాయ్, బట్ట కట్టి వడపొయ్యి."

"రేపు పెందలాడే రండి. మీకోసం నా నమాజు ఆపుకోవాలా?"

రావుగారు వినయంగా, "తప్పయింది పెద్దమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. మోసేది నేను, తొట్టిచ్చి ఉద్ధరించేది ఆవిడ!

మృగశిర కార్తె వచ్చింది. రెండు మంచి వానలు పడ్డాయి. బదిలీ హుకుం చేతికొచ్చింది. ఇక ఎత్తిపోతల ఆశ వదులుకుని పెట్టె సర్దుకుంటుంటే రావుగారు గుమ్మంలో నిలబడి, "రేపే ప్రయాణం మాస్టారూ" అన్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. వానకు తడిసిన బాట, రెండువైపులా చిగురించిన చెట్లు, నెమళ్ల అరుపు తప్ప సద్దు లేదు. కావడి లేకుండా నడుస్తుంటే గాలిలో తేలుతున్నట్టుంది. మొదటి కొండ సగం ఎక్కామో లేదో, రావుగారు ఒక బండ మీద కూలబడ్డారు.

"నా మోకాళ్లు ఎప్పుడో పోయినయి మాస్టారూ, ఆ గట్టు వరకే వాటి సత్తువ. మీరు పోయి చూసి రండి."

"మరి దారి?"

"నేనెప్పుడన్నా పోతేగా! రసూల్‌కి తెలుసు."

నాకు కోపం నషాళానికంటింది. "మరెందుకండీ ఇన్నాళ్లు నా చేత గాడిద చాకిరీ చేయించారు?"

రసూల్ పకపకా నవ్వాడు. "మాస్టారూ, నిన్నటితో జాన్‌బీ వదినకి ఇద్దత్ తీరింది. మొగుడు పోయినామె ఆ గడువు తీరేదాకా గడప దాటగూడదు, మాలో అంతే. ముసలామె చెలమ దాకా నడవలేదు. ఎవరన్నా జాలితో బిందెడు తెస్తే ముట్టుకోదు. ఇప్పుడు వదిన బయటికొస్తది, తొట్టిలోకి వాననీళ్లూ వచ్చినయి."

రావుగారి వైపు తిరిగాను. "ఆ ముక్క నాకు ముందే చెబితే మోసేవాణ్ణి కాదా బాబాయిగారూ?" అన్నాను. అన్నాళ్లూ రావుగారూ అన్నవాణ్ణి, ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"మోసేవాడివే. అదే గదా బాధ! జాలిగా మొహం పెట్టుకుని మోసేవాడివి. ఆ ముసలమ్మ ఇట్టే పసిగట్టి కుండలు పగలగొట్టేది. నువ్వు రోజూ నన్ను తిట్టుకుంటా, ఏడుపు మొహంతో వచ్చావు చూడు, దానికే ఆమె నమ్మింది. అంత బాగా నేను వేషం కట్టి కూడా పెట్టలేను."

ఆయన్ను అక్కడ వదిలి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. నేనొక రెక్క, రసూల్ ఒక రెక్క పట్టుకుని లేవదీశాం. ఆయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా కొండ ఎక్కించి, దించి, అలుపు తీర్చుకుంటూ మధ్యాహ్నానికి ఎత్తిపోతల చేర్చాం. కొత్తనీరు ఎర్రగా పొర్లుతూ, కొండ అంచు నుంచి హోరుమని పడుతోంది.

ఆయన చాలాసేపు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి ఆ హోరులో అరిచారు.

"మాస్టారూ! ఇన్ని నీళ్లున్నయని హజ్రా బీకి చెప్పబాకండి. మనం మోసింది తక్కువంటది!"