దొరకలేదని ప్రమాణం చేసిన రిజిస్టర్లు

కరోనా తగ్గి విశ్వవిద్యాలయం మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూలై మొదటివారంలో, నన్ను పరీక్షల విభాగం నుంచి లీగల్ సెల్‌కు అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా బదిలీ చేశారు. నేను చదివింది అర్థశాస్త్రం. చట్టం తెలియదని రిజిస్ట్రార్ గారికి చెప్పుకున్నాను. తెలిసినవాళ్లను వేస్తే ప్రతిదానికీ అడ్డం వస్తారని ఆయన నవ్వారు. నేను ఏం చేయకూడదో ఆ నవ్వులోనే చెప్పేశారని తర్వాత అర్థమైంది.

విశ్వవిద్యాలయం మీద పడ్డ కేసులకు జవాబులు రాయించడం, ఓడిపోయిన కేసుల్లో అప్పీలు వేయించడం మా సెల్ పని. ఓటములే ఎక్కువ కాబట్టి రెండో పనితోనే పొద్దు గడిచేది. హైకోర్టులో ఓడితే సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ వేస్తారు. అక్కడ లీవ్ అంటే అనుమతి. ఆ కోర్టు ప్రతి కేసూ వినాలన్న నియమం లేదు; మా అప్పీలు వినండి అని ముందు అనుమతి అడగాలి. ఈ ముక్క తెలియక ఒక డీన్ గారు ఫైలు మీద ‘లీవ్ ఎవరికి? ఎన్ని రోజులు?’ అని ఎర్ర సిరాతో రాశారు. ఆయన సంతకం కింద నాలుగు డిగ్రీలున్నాయి.

నేను చేరేసరికి రూతమ్మ కేసు ఢిల్లీకి సిద్ధమవుతోంది. సీతాఫల్‌మండి నుంచి వచ్చే రూతమ్మ మహిళా హాస్టల్ మెస్‌లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తోంది. కాగితాల్లో మాత్రం ఆమె ఆరు నెలలకొకసారి కొత్తగా చేరే తాత్కాలిక మనిషి. ఆమెను పర్మినెంట్ చేయమని హైకోర్టు తీర్పు చెప్పింది. నేను చేరేనాటికి ఆమె రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. మన అప్పీలులో బలం ఉందా అని అడిగితే, బలంతో పనిలేదనీ, కేసు పద్నాలుగు నెలలు నడిస్తే చాలనీ రిజిస్ట్రార్ గారు సెలవిచ్చారు. అప్పుడు ఆమె గెలిచినా చేరడానికి ఉద్యోగం ఉండదు. ఒక వంటమనిషి వయసు మీద పందెం కాసిన ఈ పెద్దమనిషి డాక్టరేట్ చేసింది నీతిశాస్త్రంలో.

ఢిల్లీ లాయరు పిటిషన్ తయారుచేసి పంపాడు. పిటిషన్‌లో ఉన్నదంతా నిజమని సంస్థ తరఫున ఒక అధికారి అఫిడవిట్ ఇవ్వాలి, అంటే ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఆ అధికారిని నేనే. సంతకం చేయాల్సిన చోట లాయరు గుమాస్తా పసుపు చీటీలు అంటించాడు. తార్నాక చౌరస్తా దగ్గరి నోటరీ ముద్ర తీస్తూ, “చదువుకున్నరా మేడం?” అని అడిగాడు. చదివానన్నాను. చీటీలున్న పేజీలు తప్ప మిగతావి తిప్పను కూడా తిప్పలేదు. పిటిషన్ ఆరు నెలలు ఆలస్యమైంది, దానికి ‘పరిపాలనా కారణాలు’ అని రాశారు. ఫైలు ఎవరి బల్ల మీద నిద్రపోయినా మాకు అదే మాట.

ఇరవై రోజుల తర్వాత రూతమ్మ నా గదికి వచ్చింది. మా పిటిషన్ ప్రతి ఆమె లాయరుకు అందింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, హాజరు రిజిస్టర్లు కనబడ్తలేవని మీరు ఒట్టేసి రాసిన్రంట. నిజమేనా?”

నేను ఫైలు తీసి అప్పుడు చదివాను. పదకొండో పేరా. ఆమె ఎడతెగకుండా పనిచేసినట్టు చూపే రిజిస్టర్లు ఎంత వెతికినా దొరకలేదని, కింద నా సంతకం.

“అవి యాడికి పోలేదు. సామాన్ల గదిల, పిండి డబ్బాల వెనక అల్మారల ఉన్నయి. తాళంచెవి నా దగ్గరనే ఉంటది.”

“మరి నువ్వే కోర్టుకు తీసుకుపోవచ్చు కదా?”

“తీస్కపోతే దొంగతనం కేసు పెడ్తరు మేడం. మీ సంగతి నాకు ఎరుకలేదా?”

ఆమె వెళ్లాక రిజిస్ట్రార్ గారి దగ్గరికి పోయి విన్నదంతా చెప్పాను.

“మీరు చూసిన్రా?” అన్నారు.

“లేదు సార్.”

“చూడకుంటే మీరు రాసింది అబద్ధం కాదు. అటు దిక్కు పోకుండ్రి. మీకు కూడా రిటైర్మెంటుకు ఏడాదే ఉన్నది కద మేడం, ఎందుకు పరేషాన్?”

ఆ శనివారం మధ్యాహ్నం హాస్టల్‌కు వెళ్లాను. రూతమ్మ అల్మారా తెరిచింది. ఇరవై రెండేళ్ల రిజిస్టర్లు బియ్యం సంచుల తాడుతో కట్టలు కట్టి ఉన్నాయి. మొదటి సంవత్సరాల్లో వేలిముద్రలు, తర్వాత పెద్ద పెద్ద అక్షరాల సంతకాలు. హాస్టల్ పిల్లలే రాయడం నేర్పారని ఆమె చెప్పింది. ప్రతి పేజీ కింద వార్డెన్ సంతకం, మా ఆఫీసు ముద్ర. దొరకలేదన్న ఆఫీసే నెలనెలా వాటిని తనిఖీ చేసింది. అది చూశాక నాకు రిజిస్ట్రార్ గారి మీద కన్నా నా మీద ఎక్కువ అసహ్యం వేసింది. పదకొండో పేరా సరిదిద్దాలని ఆ సాయంత్రమే ఢిల్లీ లాయరుకు రాశాను. రిజిస్ట్రార్ ఆమోదం లేకుండా అక్షరం కూడా మార్చలేనని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు.

సోమవారం విచారణ. ఇప్పుడు వీడియో ద్వారా చూడవచ్చు కాబట్టి రిజిస్ట్రార్ గారి ఛాంబర్‌లో పెద్ద తెర పెట్టించారు. సమోసాలు, చాయ్ తెప్పించారు. క్రికెట్ మ్యాచ్‌కు వచ్చినట్టు ముగ్గురు డీన్లు వచ్చి కూర్చున్నారు. మా వంతు ముప్పై నాలుగు.

ముందు కేసులు ఒక్కొక్కటే పోతున్నాయి. ఇద్దరు అన్నదమ్ములు గోడ కోసం కిందికోర్టు నుంచి అక్కడిదాకా వచ్చారు. వెళ్లి మధ్యవర్తి ముందు కూర్చోమన్నారు. భర్త దూరపు ఊళ్లో వేసిన విడాకుల కేసును తన ఊరికి మార్చమని చంటిపిల్ల తల్లి అడిగింది, మార్చారు. మెడికల్ సీటు పోయిన విద్యార్థి కోసం, కేసు తేలేదాకా ఒక సీటు ఖాళీగా ఉంచమన్నారు. ఒక గనుల కంపెనీకి మాత్రం ఐదుగురు సీనియర్ లాయర్లు లేచారు. ఎవరు మాట్లాడాలో వాళ్లకే తేలక వాయిదా పడింది. మిగతా కేసులు ఒక్కొక్కదానికి రెండు మూడు నిమిషాలే పట్టాయి. “ఇంత జల్దీ ఏం వింటరు?” అని ఒక డీన్ గారు పెదవి విరిచారు. ఆయన పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలు ఎంతసేపట్లో ముగిస్తారో నాకు తెలుసు.

ముప్పై నాలుగు వచ్చింది. మా లాయరు రిజిస్టర్లు లేవంటూ మొదలుపెట్టాడు. పెద్ద జడ్జి ఆపి, ఇరవై రెండేళ్లు భోజనం పెట్టిన మనిషికి హాజరు పట్టీ లేదా అని అడిగారు. ఎవరు వెతికారు? ప్రమాణం చేసిన అధికారి లైన్‌లో ఉన్నారా?

ఉన్నారని లాయరు అన్నాడు. తెరలో మా గది కనిపించింది. రిజిస్ట్రార్ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఆడించారు. లేచి మైక్ దగ్గరికి వెళ్లాను. రిజిస్టర్లు ఉన్నాయనీ, శనివారం నేనే చూశాననీ ఇంగ్లీషులో చెప్పాను. మరి లేవని ఎందుకు ప్రమాణం చేశారని అడిగారు. చదవకుండా సంతకం పెట్టానన్నాను.

తర్వాత జడ్జి ఉత్తర్వు చెప్పి రాయించారు: హైకోర్టు తీర్పులో జోక్యానికి కారణం లేదు, పిటిషన్ కొట్టివేశాం, నాలుగు వారాల్లో అమలు చేయండి. అధికారి నిర్లక్ష్యాన్ని హెచ్చరికతో వదిలేస్తున్నాం. ఆ చివరి వాక్యం నా పదవితో సహా ఉత్తర్వులో ఉంది. రెండోసారి తెప్పించిన చాయ్ ఇంకా వేడిగానే ఉంది. డీన్లు అది వదిలేసి వెళ్లిపోయారు.

వారం లోపల నన్ను పాత జవాబుపత్రాల గోదాముకు బదిలీ చేశారు. రూతమ్మ ఉత్తర్వు నాలుగు వారాలకు సరిగ్గా చివరి రోజున వెలువడింది, రుద్రమ్మ అనే పేరు మీద. ఆమె ఆ కాగితం పట్టుకుని గోదాముకు వచ్చింది.

“నన్ను పర్మినెంట్ జేసిన్రా, ఇంకెవరినన్న జేసిన్రా మేడం?”

పేరు సరిదిద్దమని దరఖాస్తు నేనే రాసి, ఆధార్ జత చేసి, ముద్ర పడేదాకా ఉద్యోగుల ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది. ఆమె పర్మినెంట్ ఉద్యోగిగా ఎనిమిది నెలలు వంట చేసి రిటైరైంది. రిజిస్ట్రార్ గారు ఇప్పుడు మరో విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్.

అంత పెద్ద కోర్టుకు వెళితే నిజం దానంతట అదే బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అక్కడి జడ్జీలకు మా హాస్టల్ తెలియదు, రూతమ్మ తెలియదు. వాళ్ల ముందున్నది మేము కట్టి పంపిన కాగితాల కట్ట ఒక్కటే. ఆ రోజు ఆ ప్రశ్న అడగకపోతే, నా అబద్ధమే దేశంలోని చివరి కోర్టులో రికార్డుగా నిలిచిపోయేది. ప్రతి కేసులోనూ ఆ ప్రశ్న అడిగే తీరిక వాళ్లకు ఉండదు.