నీళ్ల కాడ మామ ఫోటో

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ ఫోన్లలో నా కెమెరా కంటే మంచి కెమెరాలున్నాయి. అయినా ఓర్వకల్లు బండరాళ్ల పక్కన కొత్తగా వెలిసిన నీళ్ల పార్కులో నాకు ఫోటోగ్రాఫరు ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగంతో ఎవరికీ పనిలేదన్న సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ల వయసు, మెడలో కెమెరా, నడకలో కొంచెం వంకర (కళాకారులు అలాగే నడుస్తారని ఎవరో చెప్పారు). ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి పిలిచి నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది. వేశాక ఒక టీ ఇప్పించాలనీ అనిపిస్తుంది.

పార్కులో ఫోటోలకని వేరే చోట్లుండేవి. గోడ మీద తెల్లరెక్కలు, పన్ను ఊడిన రాక్షసబల్లి, ప్లాస్టిక్ పూలతో చేసిన గుండె. ఒక్కోదాని ముందు నేల మీద పసుపురంగు పాదాలు గీసి, 'ఇక్కడ నిలబడండి' అని బోర్డు పెట్టారు. కర్నూలు, నంద్యాల జనమంతా వరసగా ఆ పాదాల మీద నిలబడి, ఒకే నవ్వు నవ్వి, తమ ఫోన్లతో తామే తీసుకుని పోయేవాళ్లు. నన్ను పిలిచేది ఆ ఫోన్ పట్టుకోవడానికే. నాకు ఒళ్లు మండి ఒక సిద్ధాంతం కనిపెట్టాను: అసలైన ఫోటో ఎప్పుడూ బోర్డు లేని చోటే ఉంటుందని. ఇక పార్కు వెనకంతా గాలించాను. అద్దెకిచ్చే నైలాను నిక్కర్లు ఆరేసిన తాళ్లను తీశాను. నీళ్లలోకి దిగిన వాళ్ల చెప్పులకు, ఫోన్లకు, బంగారానికి కాపలాగా గట్టున కూర్చుని చిత్రాన్నం కలుపుతున్న అవ్వలను తీశాను. వాళ్లలో ఒకావిడ అలల కొలను వైపు చూస్తూ, "ఇన్ని నీళ్లు పోసి కాళ్లతో తొక్కుతాండారే, పాపం తగలదా వీళ్లకు" అంటుండగా కూడా తీశాను. మేనేజరు అన్నీ చూసి, "ఏమప్పా, ఇందులో మన పార్కు యాడ ఉండాది?" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాను.

అన్నిటికంటే గొప్ప చోటు పంపు గది వెనక దొరికింది. కొలను నీళ్లు మార్చేటప్పుడు పాత నీళ్లు నాలుగించుల గొట్టంలోంచి వెనకున్న చెట్లకు దబదబా పడేవి. గొట్టం, తడిసిన ఎర్రమట్టి, వెనకాల రాళ్ల గుట్ట. కొంచెం పక్కకు వంగి తీస్తే పార్కు ఆనవాలు కూడా ఉండదు. ఆ చోటుకు తగిన మనిషి కోసం మూడు వారాలు ఎదురుచూశాను.

ఆ మనిషి తనంతట తానే వచ్చాడు. మా అమ్మ అన్న, ఆ గుట్టలకు ఆవలి ఊరే. ఊళ్లో ఆయన పేరు బోర్ల మామ. ఉన్న చేను నాలుగెకరాలు, అందులో ఐదు బోర్లు, ఐదింట్లోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. (ఐదోది అరచేతిలో టెంకాయ నిలబెట్టి నీళ్లు చూపించే ఆయన చూపించాడు. టెంకాయ నిలబడింది, నీళ్లు నిలబడలేదు.) నేను పాసు ఇచ్చి పార్కంతా తిప్పాను. మామ జారుడుబండలు చూడలేదు, రాక్షసబల్లిని చూడలేదు. కనపడిన పనివాణ్ణల్లా ఆపి, "ఎన్ని అడుగులకు పడినాయప్పా ఈ నీళ్లు?" అని అడిగాడు. చివరికి పంపు గది వెనక్కి తీసుకెళ్లాను. ధార చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. "అల్లుడా, ఈడ ఒకటి తీయి" అన్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒక అరచేతిని ధార కింద పెట్టి నవ్వాడు. మామ అట్లా నవ్వడం నేను అంతవరకూ చూడలేదు. చెయ్యి కదలకుండా తీశాను, పార్కు ఎక్కడా పడకుండా తీశాను.

మామ దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పైన ఒక్క ముక్క రాయలేదు. మా వైపు నీళ్ల ధార పక్కన చెయ్యి పెట్టి నవ్వే రైతు ఫోటో ఉంటే కింద రాయవలసిన అవసరమూ లేదు. బోరు పడిందంటే ఎవరైనా చేసే మొదటి పని ఆ ఫోటో తీసుకోవడమే. మధ్యాహ్నానికి ఊళ్లోవాళ్లు టెంకాయలు పట్టుకుని ఇంటికి వచ్చారట. మామ "కాదు" అనడానికి నోరు తెరిచాడు గానీ ఆ నోట్లో అప్పటికే ఎవరో చక్కెర పోశారు. సాయంత్రం నేను ఫోన్ చేసి గొడవపడితే, "నేనేమన్నా రాసినానా? పోటో పెట్టినా, అంతే" అన్నాడు.

అంతటితో పోతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. మామ కొడుకు, అంటే మా బావ, కాలువ కింది ఊళ్లో ఒక పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్లకూ ఇష్టమే. ఆ పిల్ల నాయన మాత్రం, "పిల్లోడు మంచోడే, చేనుకు నీళ్లేవి? నీళ్లు పడినప్పుడు చూద్దాములే" అని ఏడాదిగా మాట దాటేస్తున్నాడు. ఆయన్ను మేం కాలువాయన అనేవాళ్లం. స్టేటస్ చూసిన మర్నాడే కాలువాయన ఫోన్ చేశాడు. "నీళ్లు పడినాయంట గదా. బేస్తవారం వచ్చి చూసి, మాట ఖాయం చేసుకుందాము." మామ "సరేన్నా" అనేశాడు. అత్త నన్ను పిలిపించి, "ఇప్పుడు నిజం చెప్తే పిల్ల పాయ, పరువూ పాయ. పోటో తీసినోడివి నువ్వే, దోవ గూడ నువ్వే చూపించల్ల" అంది. బావ అన్నం పళ్లెం ముందు పెట్టుకుని వేలితో గీతలు గీస్తున్నాడు. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

ట్యాంకరు ఆలోచన నాదే. ఒప్పుకుంటున్నాను. ఐదో బోరు గొట్టం పక్కనే పెద్ద చొప్ప వామి ఉంది. దాని వెనక ట్యాంకరు పెట్టి, మట్టి కింద పైపు వేసి బోరు గొట్టంలో కలిపితే, బావ వెనక నుంచి కుళాయి తిప్పగానే ధార వస్తుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి? ప్రతి బుధవారం కొలను నీళ్లు మారుస్తారు, మర్నాడే బేస్తవారం. పంపు గది ఆయనతో నాకు స్నేహం. అవే నీళ్లు, అదే గొట్టం, అదే మామ అని మురిసిపోయాను. కళలో ఇంత నిజాయితీ ఎవరికి సాధ్యం?

బేస్తవారం కాలువాయన ఇద్దరు పెద్దమనుషులతో దిగాడు. నేను కెమెరా పైకెత్తాను. అదే బావకు సైగ. గొట్టం రెండుసార్లు దగ్గి, ధార కట్టింది. పెద్దమనుషులు తలలూపారు. అత్త కొంగుతో కళ్లొత్తుకుంది (భయంతో అని నాకు తెలుసు, సంతోషమని వాళ్లనుకున్నారు). కాలువాయన చెప్పులు విడిచి, నీళ్లకు దండం పెట్టి, దోసిలి పట్టి తాగాడు.

కొత్త బోరు నీళ్లు రుచి చూడకుండా మా సీమలో ఏ రైతూ వెనక్కి పోడు. ఉప్పా తీపా అనే కదా అసలు సంగతంతా. పుట్టి బుద్ధెరిగి చూస్తున్న ఆ పని నాకు ఎట్లా గుర్తురాలేదో ఇప్పటికీ అర్థం కాదు. కాలువాయన నోట్లో నీళ్లు ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకు తిప్పి, నిదానంగా ఉమ్మేశాడు. "ఏమప్పా," అన్నాడు మామతో, "నీ భూమిలో బ్లీచింగు పౌడరు పడినట్లుండాదే?"

ధార సిగ్గు లేకుండా పోతూనే ఉంది. మామ గట్టు మీద కూలబడ్డాడు. "నీళ్లు లేవన్నా," అన్నాడు. "ఐదు బోర్లేసినా, ఐదూ పోయినాయి. ఆ పోటో పార్కులోది. ఈ నీళ్లూ పార్కువే. ఈడ పిల్లోడు ఒక్కడే నిజం."

కాలువాయన వచ్చి, ఆయనా గట్టు మీదే కూర్చున్నాడు. తుండుతో మూతి తుడుచుకున్నాడు. "మా కాలువ గూడ పేరుకే," అన్నాడు మెల్లగా. "మా చేనుకాడికి నీళ్లొచ్చి మూడేండ్లాయ. నీ బోరు చూసి పిల్లనిస్తే, ఆ యమ్మన్నా నీళ్లు చూస్తాదనుకుంటి." పెద్దమనుషులు ఆకాశం వైపు చూశారు. మామ కాలువాయన మొహం వైపు చూశాడు. ముందు ఎవరు నవ్వారో నేను చెప్పలేను. నవ్వులాగే మొదలైంది గానీ, మామ కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను.

"ట్యాంకరులో నీళ్లు ఇంకా ఉండాయా?" అని అడిగాడు కాలువాయన.

"సగముండాయి మామా," అంది చొప్ప వామి. (అంటే దాని వెనకున్న మా బావ. ఆ పిలుపుతోనే సంబంధం ఖాయమైందని మా అత్త ఇప్పటికీ అంటుంది.)

"రేయ్ కెమెరా పిల్లోడా, అయితే నీళ్ల కాడ నాదీ ఒకటి తీయి. మీ మామను గూడ రానీ."

ఇద్దరూ ధారకు చెరోవైపు నిలబడి చేతులు పెట్టారు. నేను అలవాటు కొద్దీ పక్కకు వంగి, ట్యాంకరు కనపడని కోణం కోసం వెతుక్కుంటున్నాను. మామ చూశాడు. "ట్యాంకరు పడనీలే అల్లుడా," అన్నాడు. "ఇంక దాచేదేముండాది."

తర్వాత కర్నూలులో సొంత స్టూడియో పెట్టుకున్నాను. వందల పెళ్లిళ్లు తీశాను, బావ పెళ్లి కూడా నేనే తీశాను. ఆ బేస్తవారం ఫోటోలో మాత్రం ట్యాంకరు సగానికి తెగింది, చొప్ప వామి ఒరిగిపోయింది, ఇద్దరి పంచెలూ తడిసి మోకాళ్లకు అంటుకున్నాయి, నవ్వాపుకోలేక నా చెయ్యి వణికినట్టు తెలిసిపోతూనే ఉంటుంది. రెండిళ్లలోనూ గోడకున్నది అదే. మొన్న బావ కూతురు దాని కింద నిలబడి, "ఎవురు మామా, ఇంత వంకరగా తీసినారు?" అని అడిగింది. "ఎవరో పార్కులో పిల్లోడమ్మా, అప్పటికి వానికి పని రాదు" అన్నాను. పని వచ్చాక నేను అటువంటిది ఇంకొకటి తీయలేకపోయానన్న సంగతి మాత్రం చెప్పలేదు.